పాత వ్యాక్యూమ్ క్లీనర్ ఏ కాలం నాటిదో, ఎంత మంచిదో తేల్చుకోవడం ఎలా

ముందు చెప్పాల్సింది ఒకటుంది. పాత వ్యాక్యూమ్ క్లీనర్ కనపడగానే ప్లగ్గు పెట్టి చూడకండి. అమ్మేవాడు అదే చేస్తాడు, "చూడండి బాబూ, మోటారు ఎలా లాగుతోందో" అంటాడు, గుయ్‌మని మోత రాగానే మనం జేబులో చెయ్యి పెడతాం. ఏళ్ల తరబడి అటక మీద పడున్న మోటారులో గ్రీజు ఎండిపోయి, తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు (కార్బన్లు) బిగుసుకుపోయి, వర్షాకాలం చెమ్మ లోపలి రాగి తీగల చుట్టల్లోకి, అంటే వైండింగులోకి, దిగి ఉంటుంది. అలాంటిదానికి ఒక్కసారిగా 230 వోల్టులు ఇస్తే బాగున్నది కూడా అక్కడికక్కడే కాలిపోవచ్చు, ఇక రేకు బాడీ అయితే షాక్ కొట్టే ప్రమాదం ఎటూ ఉంది. కరెంటు ఇవ్వడం చివరి పని. దానికి ముందు చేయాల్సింది చాలా ఉంది, అందులో సగానికి కళ్లూ, చిన్న టార్చిలైటూ చాలు.

మన దక్షిణ ఒడిశా వైపు ఇవి దొరికే చోట్లు మీకు తెలిసే ఉంటాయి. సునాబెడ హెచ్‌ఏఎల్ క్వార్టర్లు, దామన్‌జోడి నాల్కో టౌన్‌షిప్, రాయగడ పక్కన జేకేపూర్ పేపరుమిల్లు కాలనీ, ఇలాంటి చోట్ల రిటైరైనవాళ్లు సొంతూరికి సామాను సర్దుకునేటప్పుడు మొదట వదిలించుకునేది దీన్నే, ఎందుకంటే పట్టుమని పది రోజులు వాడి మూల పెట్టేసినవే ఎక్కువ. అవి బరంపురం, జయపురం పాతసామాన్ల కొట్లకు చేరతాయి. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు తెచ్చిన జపాన్ మిషన్లు వేరే రకం, వాటి సంగతి కింద చెప్తాను.

కాలం తేల్చడం: ముందు ప్లేటు చదవండి

మిషన్ బోర్లా తిప్పండి. అడుగున రేకు ప్లేటో స్టిక్కరో ఉంటుంది. దుమ్ముంటే తడిగుడ్డతో మెల్లగా అద్దండి, గట్టిగా రుద్దితే పాత స్టిక్కర్ల మీద అక్షరాలు గుడ్డకి వచ్చేస్తాయి. ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోవడం ఇంకా మంచిది, లైటు పక్క నుంచి ఏటవాలుగా పడేలా పెడితే చెరిగిపోయిన అచ్చు కూడా కనిపిస్తుంది.

చదివేటప్పుడు ఒక లెక్క గుర్తు పెట్టుకోండి. కొత్తగా పుట్టిన పేరో గుర్తో ప్లేటు మీద ఉంటే, మిషన్ కచ్చితంగా ఆ తర్వాతిదే. పాతబడిన పేరు ఉంటే మాత్రం "బహుశా దానికి ముందుది" అని మాత్రమే అనుకోవాలి, ఎందుకంటే కంపెనీల దగ్గర పాత స్టిక్కర్లు మిగిలిపోతాయి, దుకాణాల వాళ్లు పాత రబ్బరు స్టాంపునే ఏళ్లకేళ్లు గుద్దుతారు. ఈ రెండింటినీ ఒకే తూకంలో వేసేవాళ్లే కాలం విషయంలో తప్పటడుగు వేస్తారు.

మనకి ఎక్కువగా తగిలేది యూరేకా ఫోర్బ్స్ వాళ్ల యూరోక్లీన్. ఆ కంపెనీ 1982లో మొదలైంది, టాటాల ఫోర్బ్స్, స్వీడన్ ఎలక్ట్రోలక్స్ కలిసి పెట్టినది, టై కట్టుకున్న కుర్రాళ్లు ఇంటింటికీ వచ్చి సోఫా మీద దుమ్ము లాగి చూపించి అమ్మేవాళ్లు. కాబట్టి ఆ పేరుంటే 1982కి ముందుది కాదు. అడ్రసులో బొంబాయి అని ఉంటే 1995కి ముందుది అయ్యే అవకాశం ఎక్కువ, ముంబై అని ఉంటే ఆ తర్వాతిదే. అలాగే మద్రాసు 1996లో చెన్నై అయింది, కలకత్తా 2001లో కోల్‌కతా అయింది. ఇంకా పాత మిషన్ అయితే పిన్‌కోడు చూడండి. ఆరంకెల పిన్ 1972 ఆగస్టు 15న వచ్చింది, ఆరంకెలు ఉంటే 1972 తర్వాతిదే, "బొంబాయి-1" లాగా ఉంటే అంతకంటే పాతది కావచ్చు.

గ్యారంటీ కార్డు దొరికితే మన పంట పండినట్టే, అందులోనూ డీలరు స్టాంపు. కొన్న తేదీ రాయడం డీలర్లు తరచుగా మర్చిపోతారు, ఊరూ జిల్లా మాత్రం స్టాంపులో ఉంటాయి. 1992 అక్టోబరు 2న కోరాపుట్ జిల్లాని ముక్కలు చేసి రాయగడ, నవరంగపూర్, మల్కనగిరి జిల్లాలు చేశారు, అదే రోజు గంజాం నుంచి గజపతి విడిపోయింది. అంటే స్టాంపులో "రాయగడ, జిల్లా కోరాపుట్" అనో "పర్లాకిమిడి, జిల్లా గంజాం" అనో ఉంటే 1992 చివరికి ముందు అమ్మినది కావడానికే ఎక్కువ అవకాశం. "జిల్లా గజపతి" అని ఉంటే ఆ తర్వాతే, ఇందులో సందేహం లేదు. రాష్ట్రం పేరు ఇంగ్లీషులో ఒరిస్సా నుంచి ఒడిశాగా మారింది 2011లో, అయితే అంత కొత్త మిషన్ మనకి పాతది కింద లెక్కకు రాదు. ఇప్పుడు ఒక యూరోక్లీన్ ప్లేటు మీద బొంబాయి, కార్డు మీద "గుణుపురం, జిల్లా కోరాపుట్" ఉన్నాయనుకోండి, ఇంకేం చూడకుండానే బహుశా 1982కీ 1992కీ మధ్యది అని రాసుకోవచ్చు. సీరియల్ నంబరు పట్టుకుని గంటలు గంటలు వెతికినా ఇంత దగ్గరగా తేలదు.

విదేశీ సరుకైతే దేశం పేరే చెప్తుంది. "వెస్ట్ జర్మనీ" అని ఉంటే 1949కీ 1990కీ మధ్యది. చెకోస్లొవేకియా అయితే 1992 చివరి లోపు, యూఎస్ఎస్ఆర్ అయితే 1991 లోపు. సునాబెడలో హెచ్‌ఏఎల్ వాళ్ల మిగ్ యుద్ధవిమానాల ఇంజన్ల ఫ్యాక్టరీ సోవియట్ సాయంతోనే వచ్చింది కాబట్టి అక్కడ రష్యన్ లిపి ఉన్న మిషన్ తగిలితే ఆశ్చర్యపోనక్కర్లేదు. సోవియట్ సరుకు మీద రెండు వెతకండి: ఐదు మూలల చట్రంలో పక్కకి ఒరిగిన 'కె' లాంటి గుర్తు, ఇది 1967లో మొదలైన నాణ్యతా ముద్ర, ఉంటే మిషన్ ఆ తర్వాతిది, ఇంకా బాడీ మీదో కాగితాల్లోనో రూబుళ్లలో ధర. వాళ్లు ధరను వస్తువు మీదే అచ్చేసేవాళ్లు. కొన్ని 127 వోల్టులకీ 220కీ మార్చుకునేలా ఉంటాయి, ఆ మీట ఎటు ఉందో చూడకుండా కరెంటు ఇవ్వొద్దు.

గల్ఫ్ నుంచి వచ్చిన జపాన్ వాటిలో నేషనల్ అనే పేరుంటే బహుశా 2000ల మొదటి సంవత్సరాలకి ముందుది, ఆ కంపెనీ తర్వాత ప్రపంచమంతటా పానాసోనిక్ పేరుకే మారిపోయింది. యూరప్ వాళ్ల సీఈ గుర్తు ఉంటే 1990ల మధ్య నుంచి ఇటు. చెత్తబుట్ట మీద కొట్టివేత గీతలున్న బొమ్మ ఉంటే 2005 ప్రాంతం నుంచి ఇటు, అలాంటిదాన్ని ఎవరైనా "మా తాతగారిదండీ" అంటే నవ్వి ఊరుకోండి. దుమ్ము గిరగిరా తిరగడం బయటికి కనిపించే పారదర్శకపు డబ్బా రకాన్ని డైసన్ కంపెనీ 1993లో బ్రిటన్‌లో తెచ్చాకే అందరూ పట్టుకున్నారు.

ప్లేటు ఊడిపోతే

అప్పుడు మూత తెరవండి. సంచి ఉండే గది లోపలి గోడ మీద, ప్లాస్టిక్‌లోనే అచ్చు పోసిన గడియారం లాంటి చిన్న గుండ్రం కనిపించొచ్చు. చుట్టూ 1 నుంచి 12 దాకా అంకెలు, మధ్యలో బాణం, బాణానికి అటూ ఇటూ రెండంకెలు. బాణం చూపించేది నెల, మధ్యలోది సంవత్సరం. అది ఆ ప్లాస్టిక్ ముక్క పోసిన తేదీ, మిషన్ బిగించింది ఆ తర్వాతే. అన్నిటికీ ఉండదు, ఉన్నప్పుడు మాత్రం దాన్ని మించిన సాక్ష్యం లేదు. మోటారు మీద, లోపలి కెపాసిటర్ మీద కూడా తేదీ ముద్రలు ఉంటాయి, అయితే మోటారు మార్చి ఉండొచ్చు, కెపాసిటర్ అయితే మరీను. వేర్వేరు భాగాల మీద వేర్వేరు తేదీలుంటే బాడీ తేదీని మిషన్ పుట్టిన తేదీగా తీసుకోండి, మిగతావి రిపేరు చరిత్ర.

ఆకారం చూసి కాలం చెప్పడం నాకు అంత నమ్మకం లేని పద్ధతి, ఉరామరిగా మాత్రమే పనికొస్తుంది. స్టీలు బాడీ, క్రోమియం మెరుపు, బేకలైట్ పిడి, గుడ్డ అల్లిన వైరు కలిసి ఉంటే 1930ల నుంచి 1950ల దాకా. చక్రాల బదులు కింద బండి పట్టాల్లాంటి కమ్మీల మీద జారే పొడుగు సిలిండర్ ఎలక్ట్రోలక్స్ 1921లోనే తెచ్చిన పద్ధతి, దాన్ని చాలా ఏళ్లు నడిపారు. 1960ల తర్వాత ప్లాస్టిక్ పెరుగుతూ పోతుంది. తెల్ల ప్లాస్టిక్ పసుపెక్కిందని వయసు కట్టేవాళ్లున్నారు, ఎండపడే వరండాలో ఉన్నది తొందరగా పసుపెక్కుతుంది, పెట్టెలో ఉన్నది అంత తొందరగా ఎక్కదు, అంతే తేడా.

వైరు రంగులు మాత్రం చూడాలి, కాలం కోసం కాదు, ప్రాణం కోసం. బ్రిటిష్ మిషన్లలో 1970 ప్రాంతం దాకా ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, పచ్చ ఎర్త్, మన ఇళ్ల వైరింగు లాగే. తర్వాత బ్రౌను, నీలం, పచ్చ-పసుపు చారలు వచ్చాయి. పాత జర్మన్ మిషన్లలో 1960ల మధ్య దాకా ఎర్ర వైరు ఎర్త్‌కి వాడేవాళ్లు. మన ఎలక్ట్రీషియన్ అలవాటుగా ఎర్రదాన్ని ఫేజుకి కలిపితే రేకు బాడీ మొత్తం కరెంటే. పాత జర్మన్ మిషన్ ప్లగ్గు ఊడి ఉంటే, ఏ వైరు బాడీకి కలిసిందో మల్టీమీటర్‌తో చూసుకున్నాకే కొత్త ప్లగ్గు.

నాణ్యత: కరెంటు లేకుండానే

బరువుని చూసి మోసపోకండి. పాత ఇనుము, గట్టిగా ఉంటుంది అని అందరం అంటాం, రేకు మందంగా ఉన్నంత మాత్రాన మోటారు బాగున్నట్టు కాదు. నా వరకు మంచి మిషన్ అంటే స్క్రూలతో విప్పగలిగేది, కార్బన్లు బయటి నుంచో కనీసం ఒక మూత తీస్తేనో మార్చుకోగలిగేది, సంచి ఉతికి మళ్లీ వాడగలిగేది. క్లిప్పులతో నొక్కి మూసేసినవి విప్పబోతే విరుగుతాయి, వాటిని పుట్టించినవాళ్లే రిపేరు వద్దనుకున్నారు.

వైరు మొత్తం చేతిలో జార్చుకుంటూ రండి, అంగుళం అంగుళం వంచి చూడండి. పాత రబ్బరు వైరు బయటికి బాగానే ఉండి, వంచగానే లోపల పెళుసుగా చిట్లుతుంది, ముఖ్యంగా బాడీలోకి వెళ్లే మూతి దగ్గర. అలా ఉంటే వైరు మార్పిడి ఖర్చు బేరంలో తగ్గించండి, మార్చకుండా వాడే ఆలోచన పెట్టుకోకండి. మిషన్‌లోపల స్పాంజి ముక్కలు, రబ్బరు వాషర్లు వేలితో నొక్కండి. పిండిలా రాలిపోతున్నాయంటే ఆ ముక్కలు మోటారులోకి కూడా వెళ్లాయన్నమాట. గాలి లీకు కాకుండా ఆపే ఈ సీళ్లు చేయించుకోవడం పెద్ద పని కాదు, మెత్తని రబ్బరు షీటు కోసి పెట్టొచ్చు.

ఇక మోటారు. కుదిరితే ఫ్యాన్‌ని వేలితో తిప్పండి. చప్పుడు లేకుండా తిరిగి మెల్లగా ఆగాలి. ఇసుక రాసుకున్నట్టు గరగరమంటే బేరింగులు పోయాయి, ఫ్యాను అటూ ఇటూ ఊగితే బుష్‌లు అరిగాయి. తర్వాత కార్బన్లు తీయించండి. కొత్తదానిలో మూడో వంతు కూడా మిగలకపోతే మార్చాలి, అది చిన్న ఖర్చే, సరిగ్గా అదే సైజు దొరక్కపోతే కొంచెం పెద్దవి తెచ్చి ఆకురాయితో అరగదీసి వేస్తారు. అసలు చూడాల్సింది కార్బన్లు రాసుకునే రాగి చక్రం, కమ్యుటేటర్. టార్చి వేసి తిప్పుతూ చూడండి. చుట్టూ ఒకే రకమైన చాక్లెట్ రంగు ఉంటే ఆ మోటారు సుఖంగా బతికింది. రెండు మూడు పట్టీలు మాత్రం నల్లగా మాడి పక్కవి మెరుస్తూ ఉంటే మోటారులో తిరిగే భాగమైన ఆర్మేచర్‌లో చుట్టు తెగిందో షార్టయిందో అయ్యుంటుంది. రాగి మీద కార్బన్ల వెడల్పున గాడి పడిందంటే బాగా వాడిన మిషన్, "ఎప్పుడో ఒకసారి వాడేవాళ్లం" అని ఎవరన్నా చెప్పినా ఆ గాడి వేరే కథ చెప్తుంది.

ఊళ్లో మోటారు వైండింగ్ షాపుకి తీసుకెళ్లి మెగ్గర్, అంటే కరెంటు బాడీలోకి కారుతోందా అని చూసే మీటరు, పెట్టించండి, ఇది తప్పనిసరి. మిషన్ స్విచ్ ఆన్‌లో ఉంచి, ప్లగ్గులోని ఫేజు, న్యూట్రల్ పిన్నులు రెండూ కలిపి, బాడీ లోహానికీ వాటికీ మధ్య 500 వోల్టుల మెగ్గర్‌తో చూస్తారు. ఒక మెగాఓమ్ పైన ఉండాలి, చతురస్రంలో చతురస్రం గుర్తున్న డబుల్ ఇన్సులేషన్ మిషన్‌కి రెండు ఉండాలి. బరంపురం గోపాల్‌పూర్ వైపు సముద్రపు గాలిలో ఉన్నవి చెమ్మ వల్ల తక్కువ చూపిస్తాయి, వెంటనే పారేయకండి, విప్పి రెండు రోజులు ఎండలో పెట్టి మళ్లీ చూపించండి. అప్పటికీ లేవకపోతే రీవైండింగే గతి.

ఇప్పుడు కరెంటు

నేరుగా కాదు, సీరీస్ బల్బుతో, అంటే మిషన్‌కి వెళ్లే ఫేజు వైరు మధ్యలో ఒక బల్బు కలిపి. ఫిలమెంట్ బల్బే కావాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. వంద వాట్ల బల్బు బాగా వెలిగి మోటారు కదలకపోతే కంగారు పడకండి, అది మామూలే, సర్క్యూట్ కలిసిందని అర్థం. బల్బు అసలు వెలగకపోతే వైరు తెగింది, స్విచ్ పోయింది, లేదా కార్బన్ బిగుసుకుంది. టెంట్‌హౌస్ వాళ్ల దగ్గర 500 వాట్ల హాలోజన్ ఉంటే అది పెట్టి చూడండి, మోటారు నింపాదిగా తిరుగుతుంది, అలా రెండు నిమిషాలు తిప్పితే లోపలున్న పాత దుమ్ము వదులవుతుంది. ఈ దుమ్ము పీల్చకండి, మాస్కు పెట్టుకుని ఆరుబయట చేయండి.

ఆ తర్వాత నేరుగా ఇవ్వండి, పదహారు ఆంపియర్ల సాకెట్‌కి, ఎర్త్ ఉన్నదానికి. వెయ్యి వాట్ల మిషన్ నాలుగు ఆంపియర్ల పైన లాగుతుంది, 1400 వాట్లది ఆరు దాకా. సాయంత్రం అందరూ ఏసీలూ మోటార్లూ వేసే వేళలో వోల్టేజీ పడిపోయి మంచి మోటారు కూడా నీరసంగా కనిపిస్తుంది, పగలు చూడండి.

చెవితో వినండి. మోత సాఫీగా పైకి లేచి నిలబడాలి. సన్నగా ఈల లాంటిది వస్తే బేరింగు, గట్‌గట్‌మంటే ఫ్యాను రెక్క ఎక్కడో తగులుతోంది. గాలి రంధ్రాల్లోంచి చూస్తే కార్బన్ల దగ్గర చిన్న నీలి మెరుపులు సహజం. మెరుపు చక్రం చుట్టూ మంట వలయంలా తిరుగుతుంటే వెంటనే ఆపండి. ఘాటైన పొగ ఉన్నట్టుండి బుస్సుమని వస్తే చాలామంది మోటారు పోయిందనుకుంటారు, చాలాసార్లు అది రేడియోకి గరగర రాకుండా పెట్టిన కెపాసిటర్ పగలడం, కొత్తది వేస్తే సరిపోతుంది.

ఇప్పుడు అరచెయ్యి పరీక్ష. పైపు తీసేసి, మిషన్ గాలి లాగే రంధ్రాన్ని అరచేత్తో పూర్తిగా మూయండి. చెయ్యి గట్టిగా అతుక్కోవాలి, మోత సన్నబడి పైకి లేవాలి. మోటారు కష్టపడుతోందని అమ్మేవాళ్లు కూడా అనుకుంటారు, నిజానికి గాలి ఆగితే ఫ్యాన్‌కి పని తగ్గుతుంది, అందుకే మోటారు వేగం పెరుగుతుంది. మూసినా మోత మారలేదంటే గాలి ఇంకెక్కడి నుంచో లోపలికి వస్తోంది, మూత సీలో, సంచి గది పగులో చూడండి. ఐదు సెకన్లకంటే ఎక్కువ పట్టుకోవద్దు, మామూలు మిషన్లలో ఆ లాగిన గాలే మోటారుని చల్లబరుస్తుంది. తర్వాత పైపు పెట్టి, పైపు చివర మూసి మళ్లీ చేయండి. మొదటిసారి బాగుండి రెండోసారి బలం తగ్గితే తప్పు పైపులో ఉంది, మిషన్‌లో లేదు, ఆ తేడా మీకు తెలిసినట్టు అమ్మేవాడికి తెలియనివ్వకండి.

వాట్లు చూసి బలం లెక్కగట్టొద్దు. వాట్లు అంటే అది తినే కరెంటు, లాగే బలం కాదు. యూరప్‌లో 2014లో 1600 వాట్లకీ 2017లో 900కీ మించకూడదని కట్టుదిట్టం చేశారు, అయినా ఇళ్లు శుభ్రం అవుతూనే ఉన్నాయి. ఆరేడువందల వాట్ల పాత సిలిండర్, సీళ్లు బాగుంటే, మన మొజాయిక్ నేలకీ దివాన్ పరుపులకీ సరిపోతుంది.

ఏది తీసుకోవచ్చు, ఏది వద్దు

నిలబెట్టి తోసే హూవర్ లాంటివి అందంగా ఉంటాయి, తివాచీలు కొట్టి దులపడానికి పుట్టినవి, మన ఇళ్లలో తివాచీలు ఎక్కడివి? అలంకారానికైతే సరే, పనికి తీసుకోవద్దు. జపాన్‌లో వాడకానికి చేసినది వంద వోల్టులది, అమెరికాది 120, సౌదీ నుంచి వచ్చినవాటిలో 127 వోల్టులవి ఉంటాయి. వీటికి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, మిషన్ వాట్లకంటే పావు వంతయినా ఎక్కువ సామర్థ్యం ఉన్నది, దాని ధర కలుపుకుంటే బేరం చాలాసార్లు గిట్టదు. తడి-పొడి రకం కొంటే నీళ్లు మోటారులోకి పోకుండా ఆపే బంతి లోపల ఆడుతోందా లేదా చూడండి, అది లేకుండా నీళ్లు లాగితే మొదటి రోజే మోటారు సరి.

పైపూ నాజిళ్లూ లేని మిషన్ అయితే పాతసామాను కొట్టులో తూకం ధరకి మించి ఇవ్వకండి. పైపు మూతి లోపలి కొలత స్కేలుతో మిల్లీమీటర్లలో రాసుకోండి, 32, 35 దొరుకుతాయి, మధ్యలో ఉండే వింత కొలతలకి తంటాలు తప్పవు. సంచి పోయినా పర్వాలేదు, దగ్గరి నేత ఉన్న మందపాటి గుడ్డతో దర్జీ కుట్టేస్తాడు, పాత సంచి తిరగేసి నమూనాగా ఇవ్వండి. పల్చటి గుడ్డ పెడితే సన్నటి దుమ్మంతా మోటారులోంచి వెనక నుంచి మళ్లీ గదిలోకే వస్తుంది. ఇంట్లో ఆయాసం, ఎలర్జీ ఉన్నవాళ్లు ఉంటే ఏ పాత గుడ్డ సంచి మిషనూ గదిలో వాడొద్దు. వెనక గొట్టానికి పైపు తగిలించే వీలుంటే దాన్ని బ్లోయర్‌గా పెట్టుకుని, వరండాలో కంప్యూటర్లూ ఫ్యాన్లూ కూలర్ జాలీలూ ఊదుకోండి.